నొప్పి లేని గడ్డ – నోరు విప్పని మనం

ప్రతి ఏడాది మన వార్షికోత్సవ సంచికలో కవితలు ఉంటాయి, పొడుపు కథలు ఉంటాయి, అంబేద్కర్ గారి మీద, సావిత్రీబాయి ఫూలే మీద వ్యాసాలు ఉంటాయి. గ్రూప్స్‌కు ఎలా చదవాలో, డీఎస్సీకి ఎలా చదవాలో పాత విద్యార్థులు రాసి పంపుతారు. అవన్నీ కావలసినవే. ఈసారి మేము కొందరం, అంటే డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్ళం, జీఎన్ఎం చదువుతున్న వాళ్ళం కలిసి కూర్చుని, మాకు తెలిసి ఈ పేజీల్లో ఇంతవరకు ఎవరూ ముట్టుకోని విషయం రాద్దామనుకున్నాం. అది రొమ్ముల గురించి. రొమ్ములో గడ్డ వస్తే ఎలా తెలుసుకోవాలి, తెలిశాక ఎవరికి చెప్పుకోవాలి అన్న సంగతి గురించి.

ఈ వాక్యం చదవగానే కొందరు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. రాసిన కాగితాలు ముందుగా చదివిన ఒక చెల్లె, "అక్కా, రొమ్ము అని కాకుండా ఛాతీ అని రాయరాదు?" అని అడిగింది. మేము ఒప్పుకోలేదు. ఛాతీ అంటే పోలీసు సెలెక్షన్లలో మగపిల్లలు ఊపిరి బిగబట్టి టేపుతో కొలిపించుకునేది. మన అవ్వలు చంటిపిల్లకు పాలిస్తూ నలుగురిలో కూర్చుని ఆ మాటలన్నీ మామూలుగానే మాట్లాడుకునేవాళ్ళు. సిగ్గు వచ్చింది చదువుకున్న మనకే. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు దాటేసిన క్లాసులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పరీక్షలో ఆ పాఠం మీద ప్రశ్న వచ్చింది, పటం గీశాం, భాగాలు గుర్తించాం, మార్కులూ వచ్చాయి. ఆ పేర్లు పైకి పలకడం మాత్రం రాలేదు.

పేరే పలకలేని చోట జబ్బు వస్తే ఎవరికి చెబుతాం? ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది.

మా కళ్ళ ముందు జరిగిన రెండు సంగతులు చెబుతాం. వాళ్ళు రాయమన్నారు కాబట్టే రాస్తున్నాం, పేర్లు మాత్రం రాయం. మొదటిది మాతో పాటు ఉన్న ఒక అమ్మాయిది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొక్కితే అటూ ఇటూ జారుతోంది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. మెస్‌లో పళ్ళెం ముందు కూర్చునేది, తినేది కాదు. ప్రేమ వ్యవహారం ఏదో ఉందని గదిలో వాళ్ళు గుసగుసలాడారు కూడా. సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయాయి. చివరికి ఆమె నోటుపుస్తకం ఆఖరి పేజీ రూంమేట్ కంట పడింది. అందులో, తన స్కాలర్‌షిప్ డబ్బులు వస్తే చెల్లె చదువుకు వాడాలని, ట్రంకు పెట్టె చెల్లెకే ఇవ్వాలని రాసి ఉంది. ఆ రాత్రి నలుగురం కలిసి ఆమెతో మాట్లాడి, రెండు రోజుల తర్వాత ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. స్కానింగ్ తీశారు, సన్నటి సూదితో పరీక్ష చేశారు. ఫైబ్రోఅడినోమా అన్నారు. క్యాన్సర్ కాదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోమని పంపించారు. ఆమె ఇప్పుడు బాగుంది, టెట్‌కు చదువుతోంది.

రెండోది మా హాస్టల్లోనే ఉన్న ఇంకో అమ్మాయి వాళ్ళ అమ్మది. పత్తి ఏరే కూలికి పోయేది. చింతగింజంత గడ్డ వచ్చింది. నొప్పి లేదు. పక్కింటామెకు చెబితే సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమంది. "నొస్తలేదు కద బిడ్డా, పని చేసుకుంట పోతే అదే కరుగుతది" అని ఆ తర్వాత కూతురితో అన్నదట, అదీ కూతురు చూశాక. దసరాకు ఇంటికి పోయినప్పుడు కొంగు కప్పుకుని తిరిగింది, సంక్రాంతికీ అంతే. చర్మం పగిలి రసి కారితే గానీ పట్నం పోలేదు. అప్పటికి చంకలోకి, ఎముకల్లోకి పాకింది. తర్వాతి బతుకమ్మకు ఆమె లేదు. వయసు నలభై నాలుగు.

ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి అర్థమైంది. అమ్మాయికి ప్రమాదం లేదు, భయం ఉంది. తల్లికి భయం లేదు, ప్రమాదం ఉంది. ఇద్దరూ దాచుకున్నారు. గడ్డ ఉన్నట్టు తెలియకపోవడం ఇద్దరి సమస్యా కాదు. చేతికి తగిలింది, తెలిసింది. తెలిసిన మాట బయటకు రాలేదు. రొమ్ము పరీక్ష గురించి చెప్పే కరపత్రాలు వేళ్ళు ఎలా తిప్పాలో చెబుతాయి కానీ ఈ మధ్యలో ఆగిపోయిన మాట గురించి ఎక్కువగా చెప్పవు.

ఇప్పుడు కొన్ని లెక్కలు. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది, సుమారు 98,000 మంది చనిపోయారు. ఈ అంకెలు చదివి మన వయసు వాళ్ళు గుండెలు బాదుకోనవసరం లేదు. ముప్ఫై ఏళ్ళ లోపు ఇది చాలా అరుదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిల రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం మా స్నేహితురాలికి వచ్చిన లాంటి ఫైబ్రోఅడినోమాలే, అంటే హాని లేనివే. వయసు పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అంటే మన అమ్మల వయసు, పెద్దమ్మల వయసు. కాకపోతే తల్లికి గానీ, తోడబుట్టిన వాళ్ళకు గానీ చిన్న వయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అలాంటి ఇళ్ళలో జాగ్రత్త ముందు నుంచే మొదలవ్వాలి.

మరి నెలనెలా స్వయంగా పరీక్ష చేసుకుంటే ప్రాణాలు దక్కుతాయా? ఇక్కడ మేము ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. గోడల మీద రాసే నినాదాల్లో ఈ సంగతి రాదు. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే దాదాపు 2,66,000 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రొమ్ము పరీక్ష ఎలా చేసుకోవాలో శ్రద్ధగా నేర్పించారు. రెండో గుంపుకు నేర్పలేదు. పదేళ్ళ పాటు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. రెండు గుంపుల్లోనూ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన వాళ్ళ సంఖ్యలో తేడా లేదు. పైగా నేర్చుకున్న గుంపులో హాని లేని గడ్డలు ఎక్కువ బయటపడి, వాటికి అనవసరంగా ముక్క తీసి పరీక్షలు చేయాల్సి వచ్చింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మరణాలు తగ్గించే పరీక్షగా సిఫారసు చేయదు. మన శరీరం గురించి మనకు ఎరుక కలగడానికి పనికొస్తుందని మాత్రం అంటుంది.

"అలాంటప్పుడు మాకెందుకు చెబుతున్నారు?" అని మీరు అడగవచ్చు. జీఎన్ఎం చదువుతున్న మాలోనే దీని మీద రెండు రాత్రులు వాదన జరిగింది. మేము చివరికి వచ్చిన అభిప్రాయం ఇది. ఆ మిల్లు కార్మికులకు పనిచేసే చోటే వైద్య సదుపాయం ఉండేది. గడ్డ తగిలితే చూపించుకునే దారి వాళ్ళకు ముందే ఉంది. పత్తి చేనులో ఉన్న మన అమ్మలకు ఆ దారి లేదు. కాబట్టి ప్రతి నెల ఒక మొక్కుబడిలాగా, భయం భయంగా వెతుక్కోవడం మన పని కాదు. ఏది మామూలో ముందు తెలిసి ఉండాలి, మారితే పసిగట్టాలి, పసిగట్టిన వారం రోజుల్లో ఒక మనిషికి చెప్పాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండింటితో లాభం లేదు.

దీనికి తోడు ముంబైలో జరిగిన పని కూడా తెలుసుకోవాలి. టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి, పేదల బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ళ వయసున్న లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ళతో ఒక అధ్యయనం చేశారు. సగం మందికి రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. మమోగ్రఫీ యంత్రం కూడా లేదు. ఇరవై ఏళ్ళ లెక్క 2021లో వచ్చింది. యాభై దాటిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసు వాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. అంటే పెద్ద యంత్రాలు లేకుండానే, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళ చేతులు నేర్చుకుని చేసిన పని అది. మాలో నర్సింగ్ చదివే వాళ్ళకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం.

ఇక ఎలా చూసుకోవాలో చెబుతాం. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య చూసుకోవాలి. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి, గట్టిపడి, ముట్టుకుంటే నొస్తాయి. అప్పుడు చూసుకుంటే అంతా గడ్డల్లాగే అనిపించి లేనిపోని భయం పట్టుకుంటుంది. నెలసరి ఆగిపోయిన అమ్మలైతే నెలలో ఏదో ఒక తారీఖు గుర్తుపెట్టుకుంటే చాలు. ముందు కళ్ళతో చూడాలి. చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుము మీద గట్టిగా ఆనించి ఒకసారి. ఒకటి కాస్త పెద్దగా, ఒకటి కాస్త చిన్నగా ఉండడం చాలామందిలో మామూలే. ఎప్పటి నుంచో అలాగే ఉంటే పట్టించుకోనక్కర లేదు. కొత్తగా మారితేనే చూడాలి. తర్వాత పడుకుని, కుడి చేయి తల కింద పెట్టుకుని, ఎడమ చేతి మూడు మధ్య వేళ్ళతో కుడి రొమ్మును చూడాలి. వేళ్ళ కొసలతో కాదు, మెత్తటి భాగంతో. రూపాయి బిళ్ళంత చుట్టు చుడుతూ, ఒక్కో చోట ముందు మెల్లగా, తర్వాత కొంచెం నొక్కి, తర్వాత పక్కటెముక తగిలేంత నొక్కి చూడాలి. మెడ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, రొమ్ముల మధ్య ఎముక నుంచి చంక దాకా, పొలంలో సాలు దున్నినట్టు వరుసగా పైకీ కిందికీ రావాలి. చంకను వదిలేయకూడదు. చంక వైపున్న పై భాగంలోనే గడ్డలు ఎక్కువగా వస్తాయి. పిండి చూడడం, గిల్లి చూడడం చేయకూడదు. గిల్లితే ప్రతిదీ గడ్డలాగే ఉంటుంది. లోపల బియ్యం మూట నొక్కినట్టు సన్నసన్నగా తగలడం మామూలే. రెండు మూడు నెలలు చూసుకుంటే ఎవరి మూట ఎలా ఉంటుందో వాళ్ళకే అలవాటవుతుంది.

చూపించుకోవలసినవి ఏవంటే: కొత్తగా తగిలిన గడ్డ, అది నొప్పి ఉన్నా లేకున్నా; చంకలో గడ్డ; చర్మం ఒకచోట లోపలికి గుంట పడడం, లేదా బత్తాయి తొక్కలాగా గరుకుగా మారడం; ఇంతకుముందు బయటికి ఉన్న చనుమొన లోపలికి పోవడం; దాని నుంచి రక్తం లాంటిది రావడం; చనుమొన చుట్టూ మానని పుండు. రెండు రొమ్ములూ నెలసరి ముందు నొప్పి పెట్టి, తర్వాత తగ్గిపోతే అది హార్మోన్ల వల్ల.

నొప్పి గురించి ఇంకో మాట చెప్పాలి. మన ఊళ్ళలో నొప్పి ఉంటేనే జబ్బు. నొప్పి లేకపోతే కూలి మానుకుని ఆసుపత్రికి పోయేవాళ్ళను పనిదొంగలంటారు. కానీ ఈ జబ్బు మొదట్లో చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది. నొప్పి వచ్చేదాకా ఆగడమంటే ముదిరేదాకా ఆగడమే. మనం ఇంటికి తీసుకుపోవలసిన మాటల్లో ఇది ఒక్కటి పోయినా చాలు అనుకుంటాం. ఇక సూది గుచ్చితే పాకుతుంది, కత్తి పెడితే పాకుతుంది అన్న మాట ప్రతి ఊళ్ళో ఉంది. అది నిజం కాదు. ఆలస్యంగా పోయిన వాళ్ళు ఆపరేషన్ తర్వాత చనిపోవడం చూసి జనం అలా అనుకున్నారు. జాకెట్టులో పైసల సంచి పెట్టుకుంటే వస్తుంది, నల్ల లోదుస్తులు వేసుకుంటే వస్తుంది, రాత్రి బిగుతుగా వేసుకుని పడుకుంటే వస్తుంది అనేవి కూడా వట్టివే. (పైసల సంచి వల్లే వచ్చేదైతే మన అంగళ్ళలో కూరగాయలు అమ్మే ఒక్క ఆడమనిషీ మిగిలేది కాదు.)

ఇప్పుడు మన హాస్టల్ సంగతికి వద్దాం. కరపత్రాల్లో ఒక బొమ్మ ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, నిలువుటద్దం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆ గది ఎవరిదో, ఆ అద్దం ఎవరిదో మాకు తెలియదు. మనకు ఉన్నది నల్లాల దగ్గర ఒక అద్దం, దాని ముందు జడలు వేసుకునే పదిమంది. ట్రంకు పెట్టెలో అరచేయంత అద్దం, బొట్టు పెట్టుకోవడానికి. పొద్దున బాత్‌రూం దగ్గర బకెట్ల వరుస. లోపల రెండు నిమిషాలు ఆలస్యమైతే "ఇంకెంతసేపే, బస్సు పోతది!" అని తలుపు మీద దెబ్బలు. కొన్ని తలుపులకు గొళ్ళెమే ఉండదు, ఒక చేత్తో తలుపు పట్టుకుని ఇంకో చేత్తో స్నానం. రెండు చేతులూ ఖాళీగా లేనిదానికి పరీక్ష ఎలా చేసుకుంటుంది? అందుకే మేము చెప్పేది, లైట్లు ఆర్పిన తర్వాత మంచం మీద దుప్పటి కప్పుకుని చూసుకోండి. అద్దం అవసరం లేని భాగమంతా అక్కడే అయిపోతుంది. చూసే భాగం ఆదివారం తలంటు స్నానం రోజు, వరుస లేనప్పుడు. కానీ ఇది సర్దుబాటే. బాత్‌రూం తలుపుకు గొళ్ళెం పెట్టించడం కూడా ఆడపిల్లల ఆరోగ్య పథకమే అని అధికారులు ఎప్పుడు ఒప్పుకుంటారో చూడాలి.

హాస్టల్‌కు హెల్త్ క్యాంపు వస్తుంది. ఎత్తు కొలుస్తారు, బరువు చూస్తారు, రక్తం చూస్తారు, ఐరన్ గోళీలు ఇస్తారు. అవి మేలు చేసేవే, మాకు కాదనేది లేదు. ఆ క్యాంపులో వరండాలో బల్ల వేసి, అందరి ముందు "ఏమైనా సమస్య ఉందామ్మా?" అని అడుగుతారు. వెనక నలభై మంది వరుసలో నిలబడి ఉంటే ఎవరైనా "రొమ్ములో గడ్డ ఉంది సార్" అంటారా? "ఏమీ లేదు సార్" అంటారు. రిజిస్టరులో సమస్యలు లేవని ఎక్కుతుంది. ఒక బెడ్‌షీటు అడ్డం కట్టి, లోపల ఒక లేడీ డాక్టరో, సిస్టరో కూర్చుని ఒక్కొక్కరిని పిలిస్తే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. దానికి అయ్యే ఖర్చు ఒక బెడ్‌షీటు.

ఔటింగ్ రిజిస్టరు ఇంకొకటి. ఆసుపత్రికి పోవాలంటే కారణం రాయాలి. ఆ కారణం వాచ్‌మన్ చదువుతాడు, వెనక సంతకం పెట్టే ప్రతి అమ్మాయీ చదువుతుంది. మా స్నేహితురాలు ఆ నాలుగు నెలల్లో రెండుసార్లు ఆ రిజిస్టరు దాకా పోయి వెనక్కి వచ్చిందని తర్వాత చెప్పింది. ఆఖరికి మేము తీసుకుపోయిన రోజు "పంటి నొప్పి" అని రాశాం. వార్డెన్ మేడమ్‌ను ఈ సంచిక ద్వారా కోరుతున్నాం. "ఆసుపత్రి" అన్న ఒక్క మాట రాస్తే చాలు అనండి. అసలు కారణం మీకు ఒక్కరికే చెబుతాం.

అక్టోబరు నెల వస్తే గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, ముగ్గుల పోటీలు జరుగుతున్నాయి. మేమూ కాలేజీలో రిబ్బను ముగ్గు వేశాం, మూడో బహుమతి వచ్చింది, స్టీలు డబ్బా ఇచ్చారు. ముగ్గు చూసి మెచ్చుకున్న వాళ్ళలో ఎవరూ గడ్డ తగిలితే ఏ ఓపీకి పోవాలో చెప్పలేదు. మేము చెబుతాం. చాలామంది గైనిక్ దగ్గరికి పోవాలనుకుంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలో రొమ్ము గడ్డను చూసేది సర్జరీ ఓపీలో. డాక్టరు మగవారైతే పరీక్ష చేసేటప్పుడు నర్సును పక్కన ఉండమని అడగవచ్చు. అందులో తప్పేమీ లేదు, మంచి డాక్టర్లు వాళ్ళే పిలుస్తారు. మన వయసులో మొదట చేసేది అల్ట్రాసౌండ్ స్కానింగ్. మమోగ్రఫీ పెద్ద వయసు వాళ్ళకు ఎక్కువగా ఉపయోగం. అవసరమైతే సూది పరీక్ష. అంతే.

ఇక అమ్మల విషయం. అసలు ఇదే పెద్ద విషయం. 2016లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పద్ధతి ప్రకారం ముప్ఫై దాటిన ప్రతి ఆడమనిషికీ బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉచితంగా పరీక్ష చేయాలి. ఆశా అక్కలు నింపే ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, ఆకారం మారిందా అనే ప్రశ్నలు ఉన్నాయి. తెలంగాణలో 2023 మార్చి 8న "ఆరోగ్య మహిళ" పేరుతో మంగళవారాలు ఆడవాళ్ళ కోసమే కేటాయించిన పరీక్షలు మొదలుపెట్టారు. కాగితం మీద ఇంత ఉంది. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్న వాళ్ళు దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. ఆశా అక్కలను అనడానికి లేదు, ఒక్కొక్కరి నెత్తిన ఎన్ని పనులో మనకు తెలుసు. వాకిట్లో నిలబడి, మామ వింటుండగా, మొగుడు వింటుండగా ఆ ప్రశ్న అడిగితే ఏ కోడలు జవాబు చెబుతుంది?

మనం అడిగితే చెబుతుంది. అమ్మ వీపు రుద్దేది మనమే, అమ్మ తలకు నూనె పెట్టేది మనమే. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది మనలో చాలామందిమి. బ్యాంకు ఫారం నింపేది, కరెంటు బిల్లు చదివేది, ఫోన్‌లో ఓటీపీ చెప్పేది మనమే. అమ్మ రొమ్ము గురించి అడిగే పని కూడా మన మీదే పడింది, వేరే ఎవరూ లేరు. మొదటిసారి అడిగితే "ఛీ, పో" అంటుంది. మాలో ఒకరికి దెబ్బ కూడా పడింది. రెండోసారి అడగండి.

అమ్మ ఒప్పుకున్నా బస్సు చార్జీలు, పోయిన కూలి, ఇంట్లో వంట ఎవరు చేయాలి అన్నవి ఉంటాయి. అక్కడ నాన్న, అన్న మాట నడుస్తుంది. అందుకే ఈ వ్యాసం అన్నలు, తమ్ముళ్ళు కూడా చదవాలి. (రొమ్ము క్యాన్సర్ అరుదుగా మగవాళ్ళకూ వస్తుంది, నూటికి ఒక కేసు దాకా. ఆ భయంతోనైనా చదవండి.) 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అందులో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఆంధ్రలో ఉన్న మన పాత విద్యార్థుల బంధువులకైతే విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉన్నాయి.

పాత విద్యార్థులకు ఒక విన్నపం. మీరు ప్రతి ఏడాది ఫ్యాన్లు ఇచ్చారు, ప్లేట్లు ఇచ్చారు, మెరిట్ వచ్చిన వాళ్ళకు షీల్డులు ఇచ్చారు. ఈసారి షీల్డులు వద్దు. హైదరాబాద్‌లో ఉంటున్న వాళ్ళు, ఊరి నుంచి ఎంఎన్‌జేకు వచ్చే ఒక తల్లికీ ఆమె కూతురికీ రెండు రాత్రులు పడుకోవడానికి చోటు, పొద్దున ఓపీ చీటీ దగ్గర నిలబడడానికి ఒక తోడు ఇవ్వగలరా? వైద్యం ఉచితమే కానీ ఆసుపత్రి మెట్ల మీద రాత్రులు గడపలేక మధ్యలో ఊరికి తిరిగి పోయిన వాళ్ళు మాకు తెలుసు. ఇవ్వగలిగిన వాళ్ళు ఫోన్ నంబరు వార్డెన్ మేడమ్ దగ్గర రాయించండి. ఏఎన్ఎంలుగా, స్టాఫ్ నర్సులుగా చేస్తున్న అక్కలు ఏడాదికి ఒక ఆదివారం వచ్చి చెల్లెళ్ళకు చేత్తో చూపించి నేర్పండి. మేము కాగితం మీద రాసినది చేయి పట్టుకుని చూపించిన దానికి సాటి రాదు.

ఈ వ్యాసం రాసిన వాళ్ళం మేడ మీద చివరి గదిలో ఉంటాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎవరైనా రావచ్చు, ఒక్కరే రావచ్చు, అడగాలనుకున్నది అడగవచ్చు. విన్న మాట గది దాటదు. తలుపు గొళ్ళెం మేమే తలా పది రూపాయలు వేసుకుని బిగించుకున్నాం. గట్టిగానే ఉంది.